అన్న ఏడుపు, వదిన బోణి

ముందే చెప్పేస్తాను, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. నన్ను దోమ కుడితే, ఇంటికొచ్చి చెప్పేసరికి అది కాకి అవుతుంది, భోజనాల వేళకు దానికి కొమ్ములు మొలుస్తాయి. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ నా మాటలన్నీ నమ్మి బెదిరిపోయేది. తర్వాత్తర్వాత సగం నమ్మేది. ఇప్పుడు నేను "వాన పడుతోంది" అన్నా సరే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుని గానీ ఆరేసిన బట్టలు తీయదు. కాబట్టి ఇది చదివేటప్పుడు మీరు కూడా ఒక చెయ్యి కిటికీ బయటే పెట్టి ఉంచండి. ఒక్క మాట మాత్రం ఇస్తున్నాను. ఉన్నదాన్ని పెంచడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు. ఇందులో పెంచినవి బోలెడు. పుట్టించింది ఒక్కటే. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఈమధ్య హనుమకొండలో ఒక సభకు నన్ను పిలిచారు. సినిమాల వల్ల సమాజం నిజంగా మారుతుందా అన్నది విషయం. మారుతుందని ఒకాయన గంటసేపు మాట్లాడాడు. మారదని ఇంకొకాయన అంతకన్నా ఎక్కువసేపు మాట్లాడాడు. ఈలోపల వెనక వరుసల్లోని సమాజం ఒక్కొక్కటిగా లేచి బస్టాండు వైపు వెళ్లిపోయింది. నా వంతు వచ్చింది. నిజానికి ఈ విషయం మీద నేను కళ్లారా చూసిన సాక్ష్యం ఉంది. కానీ ఆ సాక్ష్యం, అంటే మా అన్న, ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చుని నన్నే చూస్తున్నాడు. అందుకని సినిమా హాళ్లలో సమోసా ఎలా చిక్కిపోయిందో కాసేపు చెప్పి దిగిపోయాను. అక్కడ మింగిన మాటలే ఇవి.

మాది మట్టెవాడ. కింద దుకాణం, దాని వెనక అన్నావదినల ఇల్లు, పైన మేము. దుకాణంలో అమ్మేవి గోనె సంచులు, వాటి మూతులు కుట్టే సుతిలి దారం, తాళ్లు, టార్పాలిన్లు. మా ఒంటికి గోనె వాసన ఎంత పట్టిందంటే, ఒళ్లంతా సెంటు కొట్టుకుని పెళ్లికి వెళ్లినా పక్కన కూర్చున్నవాళ్లు "సంచుల ధర ఎట్లున్నది?" అని అడుగుతారు. మిర్చి రైతులు మాకు పెద్ద బేరం. వాళ్లు తెల్లారేసరికే ఎనుమాముల మార్కెట్ చేరతారు. సరుకు అమ్ముకుని, తిరిగి ఊరికి పోయేటప్పుడు మా దగ్గర ఆగి కావలసినవి కొనుక్కుంటారు. అందుకే మా దుకాణంలో పొద్దున పూట ఈగలు తోలుకోవడం, మధ్యాహ్నం దాటాక ఊపిరాడకపోవడం.

దుకాణంలో గల్లాపెట్టె వెనక ఒక గద్దె ఉంది. దాని మీద మా తాత కూర్చున్నాడు, నాన్న కూర్చున్నాడు, అన్న కూర్చున్నాడు. మూడు తరాల బరువుకు అందులో పడిన గుంటలో మిషన్ భగీరథ నీళ్లు నింపితే మా వాడకట్టుకు వారం రోజులు వస్తాయి. అన్న రోజూ దుకాణం తెరిచి, దేవుడి పటానికి అగరుబత్తి ముట్టించి, భుజం మీది తువ్వాలతో ఆ గద్దెను పటపటా దులిపి అప్పుడు కూర్చునేవాడు. మధ్యలో ఇంకెవరైనా ఒక్క నిమిషం కూర్చుని లేచినా మళ్లీ దులిపేవాడు. అందులో కోపం లేదు, రోత లేదు. కనురెప్ప కొట్టుకున్నట్టు, అదొక అలవాటు.

ఇక బోణి. రోజులో మొదటి బేరం ఇంటి మగవాడి చేతి మీదుగానే జరగాలి. ఇది తాత పెట్టిన కట్టుబాటు. బోణి అయిన తర్వాత గల్లాపెట్టె మీద పిల్లి పడుకుని పిల్లల్ని పెట్టినా ఎవరికీ అభ్యంతరం లేదు. బోణి కాకముందు మాత్రం ఆడవాళ్లు ఆ వైపు రావడానికి లేదు.

మా వదినది జనగామ. పుట్టింటివాళ్లదీ ఇదే వ్యాపారం. చిన్నప్పుడు సంచుల కట్టల మీదే నిద్రపోయేదట. ఇక్కడికొచ్చాక ఆ కట్టలకూ ఆమెకూ మధ్య ఒక గోడ అడ్డం వచ్చింది. పిల్లలు ఎవరి బతుకుల్లో వాళ్లు పడ్డారు. పది కొట్టేసరికి ఇంటి పని అయిపోతుంది. ఒకరోజు అందరం భోంచేస్తుండగా అన్నను అడిగింది.

"నేను గూడ దుకాణంల కూసుంట. ఇంట్ల గోడలు జూసుకుంట ఎన్నేండ్లుంట?"

అన్న అన్నం కలిపే చెయ్యి ఆపనైనా ఆపలేదు. "బజార్ల నలుగురు ఏమనుకుంటరు? ఈ ఇంట్ల మొగోళ్లు లేరా అంటరు. అయినా బోణి సంగతేంది?" అన్నాడు.

వదిన అన్న ముందున్న పప్పు గిన్నె తీసి మొత్తం నా కంచంలో గుమ్మరించింది. ఆ పూట నేను తిన్న పప్పు మా వంశంలో ఎవరూ తిని ఉండరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ సినిమా వచ్చింది. ఒక రైస్ మిల్లు ఇంటికి కోడలిగా వచ్చిన పిల్ల కథ. ఆ పిల్ల మిల్లు గడప తొక్కకూడదు. ఒకసారి ఎవరూ లేరనుకుని మామగారి కుర్చీలో కూర్చుంటుంది. ఆయన చూసి, ఆమె ఎదుటే ఆ కుర్చీ మీద బిందెడు నీళ్లు పోయించి కడిగిస్తాడు. ఇంటర్వెల్. చివరికి మూతబడబోయే మిల్లును ఆ పిల్లే వెళ్లి నిలబెడుతుంది. అమావాస్యనాడు బజారు బంద్. పక్క స్టీలు సామాన్ల దుకాణాయన అన్ననూ నన్నూ మ్యాట్నీకి లాక్కెళ్లాడు.

అన్న ఏడ్చాడు. కుర్చీ కడిగించే సీన్లో మొదలుపెట్టాడు. ముందు ముక్కు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత మా వరుస కుర్చీలన్నీ కదిలాయి. భద్రకాళి చెరువు నిండి మత్తడి దూకినప్పుడు కూడా అన్ని నీళ్లు పారలేదు. ముందు సీట్లవాళ్లు ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకున్నారు. లైట్లు వెలిగాక అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎంత దుర్మార్గుడురా ఆ ముసలోడు. పిల్ల కూసున్నదని కుర్చి కడిగిస్తడా?" అని పాప్‌కార్న్ డబ్బాలో మొహం దాచుకున్నాడు.

ఇంటికొచ్చాం. బంద్ రోజు కాబట్టి దుకాణం తలుపు ఒకటి ఓరగా వేసి ఉంది. ఫ్యాను గాలి అక్కడే బాగా వస్తుందని వదిన గద్దె మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. అన్న ఎర్రటి కళ్లతో లోపలికొచ్చి "లెవ్వు జర" అన్నాడు. ఆమె లేచింది. అన్న తువ్వాల తీసి గద్దెను పటపటా దులిపాడు. దులిపి, కూర్చుని, నిట్టూర్చాడు.

"చాయ్ వెట్టు, తలకాయ పగులుతాంది. ఆడోళ్లకు ఎంత అన్యాలం జేత్తాండ్రో లోకంల."

నేను అన్న మొహం వైపు చూశాను. నటన కాదు. ఆయనకు నిజంగానే తెలియలేదు. వదిన బియ్యంలోంచి ఏరిన రాయి ఒకదాన్ని పారేయకుండా కాస్త ఎక్కువసేపే చేతిలో పట్టుకుంది. నేను జాగ్రత్తగా తలుపు చాటుకు జరిగాను. సినిమాల వల్ల మనిషి మారతాడని ఆ సాయంత్రం నాకు తేలిపోయింది. టికెట్ చింపిన దగ్గర్నుంచి స్కూటర్ స్టాండు దాకా మారతాడు.

కథ అక్కడితో అయిపోయేదే. కానీ అన్న ధర్మాత్ముడు. అంత మంచి సినిమా తనొక్కడే చూసి ఊరుకుంటే పాపం తగులుతుందనుకున్నాడు. ముందు వియ్యంకుణ్ణి తీసుకెళ్లి ఏడిపించాడు. తర్వాత బజారులో దుకాణదారులను వంతులవారీగా తీసుకెళ్లి ఏడిపించాడు. తన పన్ను పీకిన డాక్టరును తీసుకెళ్లి పగ తీర్చుకున్నట్టు ఏడిపించాడు. ప్రతిసారీ తనూ పక్కన కూర్చుని కొత్తగా ఏడ్చేవాడు. ఆడవాళ్లను ఎందుకు తీసుకుపోవని ఒకసారి అడిగాను.

"వాళ్లకు తెల్వంది ఏమున్నది అండ్ల? మనం జూడాలెరా," అన్నాడు.

ఆ సాయంత్రమే ఇంకో ఇద్దరికి టికెట్లు తెచ్చాడు.

అయితే మామూలు రోజుల్లో మ్యాట్నీకి వెళ్లాలంటే దుకాణం ఎవరు చూడాలి? మా ఇళ్లల్లో గల్లాపెట్టె పరాయివాళ్లకు అప్పగించరు. ముందు నన్ను కూర్చోబెట్టాడు. నేను ఒక రైతుకు టార్పాలిన్ పుట్టుక గురించి వివరిస్తుండగా, ఒక మేక లోపలికొచ్చి సుతిలి ఉండ కొసను నోట కరుచుకుని తన దారిన పోయింది. అన్న సినిమా నుంచి వచ్చేసరికి మా మెట్ల దగ్గర్నుంచి చౌరస్తా దాకా సుతిలి పరుచుకుని ఉంది. ట్రాఫిక్ పోలీసాయన అది ఏదో ఊరేగింపు కోసం కట్టారనుకుని బండ్లు ఆపేశాడు. ఆ మర్నాడు అన్న చాలాసేపు గోడ వైపు చూసి, వదిన వైపు చూసి, "బోణి అయిపోయింది గద, ఏం గాదు. నేనచ్చే దాంక కూసో" అన్నాడు.

అలా వదిన గద్దె ఎక్కింది. మొదటి రోజు రైతులు మెట్ల మీదే ఆగిపోయి, సేటు లేడా అని అడిగారు. "సేటు సినిమాకు పోయిండు. నేనున్న గద, ఏం గావాలె?" అంది వదిన. నాలుగైదు మ్యాట్నీలు గడిచేసరికి సేటు గురించి అడగడం మానేశారు. ఆమె ముందు రైతుతో పంట సంగతి మాట్లాడి, తర్వాత సరుకు సంగతి మాట్లాడేది. పైనుంచి వింటుంటే గొంతు కూడా మారినట్టు అనిపించేది. వంటింట్లో గొంతు కాదది, జనగామ గొంతు.

సాయంత్రం అన్న వచ్చేవాడు. ఆమె లేచేది. ఆడవాళ్ల కష్టాలకు కళ్లు తుడుచుకున్న అదే తువ్వాలతో అన్న గద్దె దులిపేవాడు.

కొన్నాళ్లకు ఒక పెద్ద హీరో సినిమా వచ్చి, మన సినిమాను థియేటర్‌వాళ్లు మార్నింగ్ షోకు నెట్టేశారు. రోజుకు ఒక్కటే ఆట, పదకొండు గంటలకు. అప్పటికే మిర్చి సీజన్ మొదలైంది. అన్నకు ఇంకా ఏడిపించాల్సిన బంధువులు మిగిలే ఉన్నారు. చిక్కల్లా బోణి. పొద్దున పూట మా దుకాణానికి ఎవరొస్తారు? బోణి కాకుండా అన్న కదలడానికి లేదు. అన్న కదిలితే వదిన బోణి చేయడానికి లేదు.

దీనికి అన్న కనిపెట్టిన ఉపాయం నేను. రోజూ పొద్దున నేను కిందికి దిగి ఒక సుతిలి ఉండ కొనాలి. ఇంట్లోవాళ్లు కొంటే అది బోణి ఎలా అవుతుందని అడిగాను. "నువ్వు పైన ఉంటవ్. పొయ్యి వేరు. అంటే గిరాకే" అని తీర్పు చెప్పాడు. అలా నేను మట్టెవాడలో అత్యధికంగా సుతిలి వాడే కుటుంబీకుణ్ణి అయ్యాను. మా ఆవిడ మొదట్లో సర్దుకుంది. దండేలు కట్టింది, కాళ్లు తుడుచుకునే పట్టాలు అల్లింది, ఒక ఉయ్యాల కూడా వేసింది. తర్వాత ఇంట్లో నడవడానికి దారి లేకుండా పోయింది. వంటింట్లోంచి హాల్లోకి రావాలంటే ఉండలు పక్కకు దొర్లించుకుంటూ రావాలి. ఒక పొద్దున నన్ను పిలిచి, ఇంకో ఉండ ఇంట్లోకి వస్తే దాంతో నన్నే మంచానికి కట్టేస్తానని మెత్తగా చెప్పింది. నేను సమ్మెకు దిగాను. జలుబు చేసిందని కబురు పంపి బాల్కనీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాను.

నా సమ్మె మొదటి రోజే ఆ సినిమాకు చివరి రోజు.

బాల్కనీలోంచి నాకు వీధంతా కనబడుతోంది. వియ్యంకుడు తన అన్నదమ్ములను ఆటోలో కుక్కి తెచ్చి మెట్ల ముందు ఆపించాడు. అన్న ఇస్త్రీ చొక్కాలో దుకాణంలోకీ వీధిలోకీ తిరుగుతూ గిరాకీ కోసం చూస్తున్నాడు. దారిన పోయే వాళ్లందరినీ "ఏమన్న గావాల్నా?" అని అడుగుతున్నాడు. కూరగాయలమ్మే ఆవిడను కూడా అడిగాడు, ఆమె తిరిగి అదే మాట అడిగింది. గడియారం పదకొండుకు దగ్గరైంది. అన్న ఇక ఆగలేక ఒక కాలు ఆటోలో పెట్టాడు. బోణి కాలేదు కాబట్టి వదిన గల్లాపెట్టె వైపు పోకుండా మెట్ల మీది సరుకు దగ్గరే నిలబడింది.

అప్పుడే ఒక ట్రాలీ ఆటో వచ్చి వెనకాలే ఆగింది. అందులోంచి ఒక రైతు జంట దూకినట్టే దిగారు. నేను ఆకాశం వైపు చూస్తే, ఎప్పుడు కమ్మిందో, ఖిలా వైపు నుంచి నల్లగా మబ్బు.

"అక్కా, కవర్లున్నయా? పెద్దయి? కల్లంల మిరపకాయ ఆరవోసినం. మొగులైతాంది," అంది ఆ రైతు భార్య. అన్న పక్కనే ఉన్నాడు, ఆమె అన్నను చూడలేదు. నేరుగా మెట్ల మీదున్న వదినతోనే మాట్లాడింది. వాళ్లు కవర్లు అనేది టార్పాలిన్లనే.

వదిన పక్కనున్న టార్పాలిన్ కట్ట మీద చెయ్యి వేసింది. తీయలేదు. తలెత్తి అన్న వైపు చూసింది.

"ఇయ్యాల్నా, వద్దా?"

అన్న ఒక కాలు ఆటోలో, ఒక కాలు మట్టెవాడలో. మబ్బు ఉరిమింది. ఆ ఉరుము మా తాత గొంతులాగే ఉందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. రైతు భార్య ఆకాశం చూస్తోంది. వదిన అన్నను చూస్తోంది. అన్న ఎవరినీ చూడటం లేదు. అప్పుడు ఆటోలోంచి వియ్యంకుడు, "బావా, పేర్లు వడేటి టైమైంది" అన్నాడు.

"ఇయ్యి, ఇయ్యి," అన్నాడు అన్న, రెండో కాలు కూడా లోపలికి లాక్కుంటూ.

ఆటో వెళ్లిపోయింది. తాతల నాటి కట్టుబాటు, తెర మీద పేర్లు పోతాయన్న భయంతో పోయింది. వదిన దేవుడి పటం వైపు చూసి, టార్పాలిన్ కట్ట తీసి రైతు భార్య చేతుల్లో పెట్టింది.

ఆ తర్వాత జరిగింది చూడటానికి నేను జలుబును పైనే వదిలేసి కిందికి దిగాల్సి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లన్నిటి కల్లాల్లోనూ మిర్చి ఆరబోసి ఉంది. మార్కెట్ నుంచి తిరిగొచ్చేవాళ్లు వచ్చినట్టే మా దుకాణం మీద పడ్డారు. ఎర్రకోట మీద జెండా ఎగరేసే రోజు కూడా అంత జనం ఉండరు. నేనూ కట్టలు మోశాను. ఒకరికి టార్పాలిన్ బదులు మా బాల్కనీ దుప్పటి ఇచ్చి పంపాను. వదిన మాత్రం గద్దె మీద కూర్చుని, ఎవరూ ఉత్త చేతులతో పోకుండా, ఏ కల్లానికి ఎంత టార్పాలిన్ కావాలో అడిగి అడిగి ఇప్పిస్తోంది.

అన్న రెండింటికి వచ్చాడు. చివరి ఆట కాబట్టి అందరికన్నా ఎక్కువ ఏడ్చి వచ్చాడు. జనాన్ని తోసుకుంటూ గల్లాపెట్టె దాకా వచ్చాడు. ఆయన్ను చూడగానే వదిన అలవాటు కొద్దీ లేచి నిలబడింది. నేను మోస్తున్న కట్ట కింద దించేశాను. ఈ గద్దె ఇవాళ పోతే, రేపు సినిమా ఉండదు. ఆమెను కూర్చోబెట్టే సాకూ ఉండదు. అన్న తువ్వాల తీసి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ కుర్చీ, ఆ బిందెడు నీళ్లు, ఆ ముసలోడు, అన్నీ ఆయన కళ్ల ముందు తిరిగాయి. తువ్వాల జారి కింద పడింది. వెనక్కి తిరిగి, ఇస్త్రీ చొక్కాతోనే కట్టలు మోయడానికి పోయాడు. వదిన మళ్లీ కూర్చుంది.

ఆ రోజు నుంచి గద్దె వదినదే. బోణి కూడా ఆమెదే. అన్న సరుకు తెస్తాడు, గోదాము చూస్తాడు, సంచుల కట్టల మీద కూర్చుని వచ్చినవాళ్లతో లోకాభిరామాయణం మాట్లాడతాడు. ఎప్పుడైనా ఆయనొక్కడే ఉంటే రైతులు మెట్ల మీదే ఆగి "అక్క లేదా?" అని అడుగుతారు. ఆ సినిమా ఇప్పుడు ఫోన్‌లోకే వచ్చింది. చూద్దాం రమ్మని అన్న పిలిస్తే, "సీజన్ల సినిమాలేంది? దుకాణం ఎవలు జూత్తరు?" అంది వదిన. ఈనాటి వరకూ ఆమె ఆ సినిమా చూడలేదు.

హనుమకొండ సభలో ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నప్పుడు ముందుగా లేచింది మా అన్నే. "సినిమాలతోని ఏం మారది సార్. అందరం ఏడుస్తం, ఇంటికి పోతం, అంతే. నా అనుభవంతోని చెప్తాన" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలోనే ఆయన జేబులో ఫోను మోగింది. గోదాము తాళంచెవి ఎక్కడ పెట్టారని దుకాణం నుంచి వదిన. అన్న గొంతు తగ్గించి జవాబు చెబుతూ, ఒంగి ఒంగి బయటికి నడిచాడు.

ఇప్పుడు మాట ప్రకారం ఒప్పుకుంటాను. మేక నిజం, సుతిలి చౌరస్తా దాకా కాకపోయినా పక్కింటి దాకా నిజం. ఉరుము నిజం, గొంతు తాతది కాకపోవచ్చు. నేను పుట్టించింది ఆ ఆగిపోయిన చెయ్యి. అది ఆగలేదు. అన్న ఎప్పటిలాగే గద్దెను పటపటా దులిపాడు, ఏ మూలా వదలకుండా దులిపాడు. ఇక అయిపోయిందనుకున్నాను. దులిపాక మాత్రం కూర్చోలేదు. తువ్వాల భుజాన వేసుకుని, నిండిన దుకాణాన్ని చూశాడు, బయటి మబ్బును చూశాడు, పక్కకు జరిగి వదినతో "ఊఁ, కూసో" అన్నాడు.

అలా అనిపించింది సినిమానా, మబ్బా అన్నది నేను అడగలేదు. అడిగితే ఆయన సినిమా కాదనే అంటాడు. ఇప్పటికీ రోజూ పొద్దున అన్న అగరుబత్తి ముట్టించి, గద్దె దులిపి, పక్కకు జరుగుతాడు. వదిన వచ్చి కూర్చుంటుంది. మీరిక చెయ్యి లోపలికి తీసుకోవచ్చు.